సోమవారం కూరగాయలు

పెద్దలకు, పిన్నలకు, ముఖ్యంగా ఈ సంస్మరణ పుస్తకం అచ్చు వేయిస్తున్న చర్చి స్త్రీల సమాజం వారికి నా సాష్టాంగ క్షమాపణ. మహనీయుల గురించి రాసేటప్పుడు ఉండాల్సిన సరుకు ఏదీ ఇందులో లేదు. దీపం ఆరదు, ధ్రువతార రాలదు. ‘తీరని లోటు’ అన్న మాట ఎక్కడా రాదు. ఇప్పుడు వచ్చింది గానీ అది లెక్కలోకి రాదు. బదులుగా టమాటాలు, వంకాయలు, ఒక సొరకాయ వస్తాయి. రాస్తున్నవాడి అర్హతలు కూడా అంతంతమాత్రమే. వయసు ఇరవై ఆరు, బీకాం పాస్, ప్రభుత్వోద్యోగ పరీక్షల కోచింగులో మూడేళ్ల అపార అనుభవం. ఇంతటి బరువు మోసే భుజాలు నావి కావని ఎంత మొత్తుకున్నా, డిగ్రీ చదివినవాడివి నువ్వొక్కడివే అని నలుగురు ఆడవాళ్లు నన్ను కూర్చోబెట్టారు. వాళ్లలో ఒకామె మా అమ్మ. “మంచిగ రాయి, నవ్వులాట చెయ్యకు” అని కూడా అంది. ఆ రెండో షరతు విషయంలోనూ ఇక్కడే క్షమాపణ.

మా లెక్కల టీచర్ పోయిన గురువారం తెల్లవారుజామున నిద్రలోనే కన్నుమూశారు.

ఆ పూట నేను దిల్‌సుఖ్‌నగర్‌లో, మెట్రో పిల్లర్ల పక్క సందులో, నాలుగో అంతస్తులో మాక్ టెస్ట్ రాస్తున్నాను. బయటికొచ్చి ఫోన్ తీస్తే అమ్మవి పదకొండు మిస్డ్ కాల్స్. మా అమ్మ ఒకసారి కంటే ఎక్కువ చేయదు. ఒకసారి చేసి పెట్టేస్తే కొడుకు చచ్చినట్టు తిరిగి చేస్తాడని ఆమె నమ్మకం. పదకొండు చూడగానే ఎవరో పోయారని అర్థమైంది. ఎవరన్నదే తెలియాలి. మెట్లు దిగుతూ మనసులో ఒక లిస్టు వేసుకున్నాను. ఆ లిస్టులో టీచర్ లేరు. ఆమె సెలవు పెట్టే మనిషి కాదు.

అందరికంటే ముందు గుర్తుపట్టింది కూరగాయల బండాయన. రోజూ ఏడింటికి గేటు ముందు నిలబడి కేకేస్తాడు, టీచర్ కళ్లద్దాలు సర్దుకుంటూ వచ్చి కొత్తిమీర కట్ట సన్నబడిందని వాదిస్తారు. ఆ రోజు మూడు కేకలేశాడట. జవాబు లేకపోయేసరికి బండి అక్కడే వదిలి మా అమ్మ దగ్గరికొచ్చాడట. “అమ్మా, టీచర్ కొట్లాటకు రాలే” అన్నాడట.

సాయంత్రానికి ఆమె ఇంటి ముందు చెప్పులు పెరిగాయి. గుంటూరు నుంచి తమ్ముడుగారు వచ్చారు. చర్చివాళ్లు, పాత స్కూలు వాళ్లు, మేము. వాళ్లే కాక ఇంకా కొందరు ఆడవాళ్లు, హయత్‌నగర్ నుంచి, చంపాపేట నుంచి, ఒక్కొక్కరే వచ్చి గోడవారగా కూర్చున్నారు. చుట్టాలు కాదు, చర్చికి రారు, గల్లీవాళ్లు కాదు. చివరికి తమ్ముడుగారు ఉండబట్టలేక, “మీరంతా ఎవరమ్మా?” అని అడిగారు. అప్పుడు హయత్‌నగర్ అక్క కొంగు సర్దుకుని, “టీచర్ స్టూడెంట్స్‌మి సార్” అంది. హయత్‌నగర్ అక్కకు యాభై ఐదేళ్లు. టీచర్‌కు అరవై ఎనిమిది. తమ్ముడుగారు ఆమె తెల్లజుట్టు వైపు చూసి, లెక్క కుదరక, పెద్దమనిషి కనుక ఊరుకున్నారు.

అక్క చెప్పింది అబద్ధం కాదు. ఆ క్లాసు గురించే ఈ వ్యాసం.

అసలు కథ ఎల్‌బీ నగర్ కోర్టులో మొదలైంది. రిటైరైన కొత్తలో టీచర్ ఏదో కాగితం పని మీద అక్కడికి వెళితే, వరండాలో ఇద్దరు మహిళా కానిస్టేబుళ్ల మధ్య ఒక పాత విద్యార్థిని కనిపించింది. చిన్న కేసు, బెయిల్ కూడా వచ్చింది. కానీ బెయిల్ ఇచ్చేటప్పుడు కోర్టు ఒక షరతు పెడుతుంది. ఫలానా రోజున స్టేషన్‌కు వెళ్లి రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి, ప్రతి వారం. ఆ అమ్మాయి నాలుగు వారాలు పోలేదు. బెయిల్ రద్దయింది, మళ్లీ లోపలికి పంపుతున్నారు. ఎందుకు పోలేదని టీచర్ అడిగితే ఆ అమ్మాయి చెప్పింది ఒక్కటే. ఇంట్లోంచి కాలు బయట పెట్టగానే ఎవరో ఒకరు “ఎక్కడికి పోతున్నవ్?” అని అడుగుతున్నారట. దానికి చెప్పే జవాబు లేక ఇంట్లోనే ఉండిపోయిందట.

ముప్పై రెండేళ్లు పిల్లల చేత హాజరు పలికించిన మనిషికి ఇది తట్టుకోలేని విషయం. “తప్పు చేసిందో లేదో కోర్టు తేలుస్తుంది. హాజరు లేక ఫెయిలవడమేంట్రా?” అనేవారు తర్వాత. ఆమె సూక్తులన్నీ ఇలాగే ఉండేవి, బోర్డు మీద రాయడానికి పనికిరావు, మర్చిపోవడానికీ వీలుపడదు.

అలా మొదలైంది సోమవారం క్లాసు. బెయిల్ మీద ఉన్న ఆడవాళ్లు నలుగురో ఐదుగురో పొద్దున తొమ్మిదింటికి టీచర్ ముందుగదిలో చేరేవారు. స్టేషన్లు వేరువేరు కాబట్టి జతలుగా వెళ్లేవారు. ఎవరూ ఒంటరిగా పోకూడదు, అదొక నియమం. కేసేంటని ఒకరినొకరు అడగకూడదు, వాయిదా ఎప్పుడని మాత్రమే అడగాలి, అది రెండోది. మూడోది, పెన్ను మనదే పట్టుకెళ్లాలి. టీచర్ చేతిసంచికి దారంతో కట్టిన ఒక నీలం పెన్ను ఎప్పుడూ వేలాడుతుండేది. కోర్టు వాయిదాలన్నీ పాత హాజరు రిజిస్టర్‌లో రాసుకుని, ముందు రోజు ఫోన్ చేసి గుర్తుచేసేవారు. వాయిదా నాడు తనే వెళ్లి కోర్టు వరండాలో పక్కన కూర్చునేవారు, ఒళ్లో జంతికల డబ్బాతో. నెలకోసారి ఉచితంగా కేసులు చూసే లాయరమ్మ వచ్చేది. ఆమెకూ జంతికలే ఫీజు.

మొదట్లో టీచర్ అలవాటు కొద్దీ అందరికీ రోల్ నంబర్లు ఇచ్చారట. మూడో వారమో నాలుగో వారమో, ‘రోల్ నంబర్ టూ’ అని పిలిస్తే హయత్‌నగర్ అక్క పలకలేదు. మళ్లీ పిలిస్తే మెల్లగా, “లోపల కూడా నంబరే టీచర్” అంది. టీచర్ లోపలికెళ్లి రబ్బరు తెచ్చి, అందరి ముందే రిజిస్టర్‌లో నంబర్లన్నీ చెరిపేశారు. ఆ రోజు నుంచి పేరు, పేరు చివర గారు. తనకంటే నలభై ఏళ్లు చిన్నదాన్నైనా సరే. మమ్మల్ని మాత్రం చివరిదాకా ఒరేయ్ అనే పిలిచారని ఇక్కడ మనవి చేసుకుంటున్నాను.

ఇక కూరగాయలు. ఆ పాత విద్యార్థిని చెప్పిన మాట టీచర్ మనసులోంచి పోలేదు. “ఎక్కడికి” అన్న ప్రశ్నకు జవాబు కావాలి. జవాబు చేతిలోనే కనిపించాలి, అడిగే అవసరమే రాకూడదు. అందుకని ప్రతి ఒక్కరికీ ఒక సంచి కుట్టించారు, ముదురు ఆకుపచ్చ గుడ్డ, పొడుగు పిడులు. మా కొత్తపేటలో కూరగాయల సంచి పట్టుకుని పోయే ఆడమనిషిని ఎక్కడికని ఎవరడుగుతారు? ఖాళీ సంచితో పోతే బజారుకు, నిండు సంచితో వస్తే బజారు నుంచి. మధ్యలో స్టేషన్ ఉందని సంచి చెప్పదు కదా. ఆదివారం చర్చి నుంచి వస్తూనే టీచర్ బండాయన దగ్గర అందరికీ సరిపడా కూరగాయలు కొని పెట్టేవారు. సోమవారం సంతకాలయ్యాక తన ముందుగదిలో సంచులు నింపేవారు. నింపి ఊరికే పంపరు, మౌఖిక పరీక్ష ఉండేది. టమాటా ఎంత, వంకాయ ఎంత, బెండకాయ లేతగా ఉందా ముదురుగా ఉందా. దారిలో ఎవరైనా అడిగితే తడుముకోకూడదు. హయత్‌నగర్ అక్క బెండకాయ దగ్గర రెండుసార్లు ఫెయిలైంది.

ఈ క్లాసులోకి మా అమ్మ ఎలా వచ్చిందో చెప్పాలి. అమ్మను అడిగే రాస్తున్నాను. రాయమంది, పేరు పెట్టొద్దంది.

అమ్మ ఒక ఇంట్లో వంట చేసేది. ఆ ఇంట్లో బంగారు గొలుసు పోయింది. తర్వాత జరిగింది మీరు ఊహించగలరు, మేం ఊహించలేకపోయాం. ఆ ఇంటి నుంచే తీసుకెళ్లారు, గల్లీలో ఊరికెళ్లిందని చెప్పాం. పదిహేడు రోజులు లోపల ఉంది. నాన్న లారీ మీద నాగపూర్‌లో ఉన్నాడు, బండి అప్పజెప్పి వచ్చేసరికే నాలుగు రోజులు పట్టింది. నేను డిగ్రీ పట్టా చేతిలో పెట్టుకుని కోర్టు బయట నిలబడ్డాను. చిన్నప్పటి నుంచీ జోకులతో ప్రతి గండాన్నీ దాటినవాడికి ఆ పదిహేడు రోజుల్లో ఒక్క జోకు కూడా తట్టలేదని చరిత్రలో నమోదు చేయగలరు.

బెయిల్ వచ్చి ఇంటికొచ్చిన అమ్మ వంటింట్లో చాప మీద పడుకుంది. లేవలేదు. తలుపు తెరిస్తే వెలుతురు వస్తోందనేది. రాబోయే సోమవారం మొదటి సంతకం. “నేను పోను. మళ్ల తీస్కపోతే తీస్కపోనీ” అంది. నాన్న బతిమాలాడు. నేను బతిమాలాను. గోడతో మాట్లాడినట్టే ఉంది. పోకపోతే మళ్లీ లోపలికే అని ముగ్గురికీ తెలుసు. ఈసారి లోపలికి పోతే ఆ మనిషి తిరిగి రాదని నాకు అనిపించింది.

శనివారం సాయంత్రం టీచర్ వచ్చారు. కోర్టు బయట నన్ను చూశారట. అప్పటికి ఆ క్లాసు సంగతి మాకు తెలియదు. నాకు తెలిసిందల్లా ఆమె ఎనిమిదో తరగతిలో నన్ను పట్టుకున్న టీచర్ అని. ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం నేనే పెట్టాను, చాలా కళాత్మకంగా. ఆమె కళ్లద్దాల పైనుంచి ఒక చూపు చూసి, గోడకుర్చీ వేయించి, “దస్తూరి దాచలేవురా. ఎక్కడ పెట్టినా నీదేనని తెలిసిపోతుంది” అన్నారు. సంతకాల విషయంలో మా ఇద్దరికీ అంత పాత పరిచయం.

ఆమె వంటింట్లోకి వెళ్లి అమ్మ పక్కన చాప మీదే కూర్చున్నారు. కేసు గురించి ఒక్క మాట అడగలేదు. ఓదార్చనూ లేదు. ఆకుపచ్చ సంచి తీసి మధ్యలో పెట్టి, ఎలా వెళ్లాలో, ఎవరు జత వస్తారో, ఎలా తిరిగి రావాలో పాఠం చెప్పినట్టు చెప్పారు. చివర్లో, “బజారుకి వెళ్లొస్తున్నట్టే ఉంటుందండీ. మన వీధిలో ఒక్కళ్లకి కూడా తెలీదు. నాదీ పూచీ” అన్నారు. మా అమ్మను అండీ అన్నది ఆ నెలలో ఆమె ఒక్కరే.

ఆదివారం పొద్దున లేచి చూస్తే అమ్మ లేచి ఉంది. కొత్త సంచి ఎందుకు ఉతికిందో తెలియదు, ఉతికి, దండెం మీద ఆరేస్తోంది. పిడులు లాగి ముడతలు సరిచేస్తోంది. ఇంటికొచ్చాక ఆమె నిలబడి ఏదో పని చేయడం అదే మొదలు.

ఆ సంచి వంక చూస్తూ నేను ఒక విషయం గ్రహించాను. మా గల్లీ దగ్గరి కూరగాయల బజారుకు వారం సెలవు సోమవారం.

నవ్వకండి. హయత్‌నగర్‌లో, చంపాపేటలో మా బజారు సెలవు ఎవరికి గుర్తుంటుంది? అక్కడ సంచి పథకం దివ్యంగా పనిచేస్తుంది. బజారుకు పది అడుగుల దూరంలో ఉన్న మా గల్లీలో మాత్రం పసిపిల్లలకు కూడా తెలుసు, సోమవారం బజారు బంద్ అని. తెలియనిది ఇద్దరికే, పొద్దంతా పరాయి వంటింట్లో ఉండి మా ఇంటి బజారు నాకొదిలేసిన అమ్మకు, టీచర్‌కు. టీచర్ భర్త ఉన్నన్నాళ్లూ బజారు ఆయన చేశారు, ఆయన పోయాక గేటు ముందుకే బండి వచ్చేది. ముప్పై ఏళ్లు ఈ గల్లీలో ఉండి ఆమె ఒక్కసారి కూడా ఆ బజారు గడప తొక్కలేదు. వందల మంది పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి వారాల లెక్కలో తప్పింది.

సోమవారం అమ్మ వెళ్లింది. సంచి భుజానికి వేసుకుని, తల వంచుకుని, తర్వాత మలుపు దగ్గర తల కొంచెం ఎత్తి. పన్నెండింటికి నిండు సంచితో వచ్చింది. అలా పద్నాలుగు నెలలు. ఒక్క సంతకం తప్పలేదు. గల్లీలో ఒక్కరు కూడా వెకిలిగా నవ్వలేదు, ఒక్కరు కూడా ఎక్కడికని అడగలేదు. పైగా మర్యాదగా రేట్లు అడిగేవారు. మూలమీది కిరాణం అవ్వ అయితే ప్రతి వారం తప్పనిసరి. గల్లీలో ఎవరింట్లో ఏం కూరో పోపు వాసనతో చెప్పే మనిషి ఆమె. ఒకసారి టమాటా ఎంతని అడిగితే అమ్మ బండి రేటు చెప్పింది, బజారు రేటుకు రెట్టింపు. అవ్వ గుటక మింగి, “సస్తనే ఇచ్చిండు బిడ్డా” అంది, చవకేనని. జీవితంలో అవ్వ బేరం ఒప్పుకున్నది ఆ ఒక్కసారే అనుకుంటాను.

టీచర్‌కు మాత్రం గర్వంగా ఉండేది. “మన వీధి వాళ్లు ఉత్త అమాయకులురా, దేన్నీ పట్టించుకోరు” అనేవారు నాతో. నేను గంభీరంగా తలూపేవాణ్ని.

పోయిన సంవత్సరం కోర్టు కేసు కొట్టేసింది. ఆ గొలుసు ఏమైందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రం అమ్మ సంచి మడిచి టీచర్‌కు తిరిగి ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు. “వచ్చే సోమవారం కొత్తావిడ వస్తుంది. మీరు జత వెళ్లండి” అన్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో అమ్మకు వంట పని ఇప్పించిందీ ఆమే. కేసు సంగతి దాచకుండా చెప్పి, ఈవిడ నా విద్యార్థిని అని చెప్పి. సోమవారాలు సెలవు కావాలన్నది కూడా ముందే మాట్లాడి. ఈ రోజు మా అమ్మ నలభై మంది పిల్లలకు వండుతుంది, నన్ను తిడుతుంది, ఫోన్ ఒకసారి చేసి పెట్టేస్తుంది. ఇవన్నీ ఆ చాప మీద నుంచి లేచిన మనిషి చేస్తున్న పనులు. లేపింది టీచర్. థాంక్స్ అని నేనెప్పుడూ చెప్పలేదు. చెప్తే, స్పెల్లింగ్ చెప్పమనేవారు.

రెండు నెలల కింద ఒక సాయంత్రం ఆమె గేటు దగ్గర నిలబడి ఉన్నట్టుండి అడిగారు. “ఒరేయ్, ఈ బజారుకి వారం సెలవు ఎప్పుడు?”

నేను తడుముకోకుండా, శుక్రవారం అన్నాను. నా మౌఖిక పరీక్ష అది.

ఆమె కళ్లద్దాల పైనుంచి చూశారు. ఎనిమిదో తరగతి చూపు. చాలాసేపు చూసి, “నీ దస్తూరి ఏం మారలేదురా” అని లోపలికి వెళ్లిపోయారు. నవ్వుతున్నారని వీపు చూస్తేనే తెలుస్తోంది.

ఆమె పోయాక వచ్చిన మొదటి సోమవారం, అంటే మొన్న, క్లాసు జరిగింది. తాళం చెవి తమ్ముడుగారు అమ్మ చేతిలో పెట్టారు. నలుగురూ వచ్చారు. దారం కట్టిన నీలం పెన్ను తీసుకుని జతలుగా వెళ్లి సంతకాలు పెట్టి వచ్చారు. తిరిగి గల్లీలోకి వచ్చాక గానీ ఎవరికీ తట్టలేదు, ఆదివారం కూరగాయలు కొన్నవాళ్లు లేరని. నాలుగు సంచులూ ఖాళీగా ఊగుతున్నాయి. కొత్తగా చేరిన అమ్మాయికి ఇరవై రెండేళ్లుంటాయి. ఖాళీ సంచిని చూసుకుని మలుపు దగ్గరే ఆగిపోయింది.

కిరాణం అవ్వ కొట్టులోంచి లేచి వచ్చింది. మోకాళ్ల నొప్పులకు ఆమె లేవడమే ఒక వార్త. ఒక్కో సంచిలో నాలుగు ఉల్లిగడ్డలు, నాలుగు ఆలుగడ్డలు వేసింది. తన రేకుల మీద పాకిన తీగ నుంచి కోసిన సొరకాయ ఒకటి, ఆ అమ్మాయి సంచిలో నిలువుగా, తొడిమ బయటికి కనిపించేలా పెట్టింది. పెట్టి, వెనక్కి వెళ్లి పీట మీద కూర్చుని, అప్పుడే చూసినట్టు గొంతు పెంచి అడిగింది. “సొరకాయ ఎంతకిచ్చిండు బిడ్డా?”

ఆ అమ్మాయి సొరకాయ తొడిమ పట్టుకుని మా అమ్మ వైపు చూసింది. మా అమ్మే చెప్పింది, ఇరవై అవ్వా, అని.

అవ్వ తలూపింది. “సస్తనే.”

ఇంతవరకు చదివి, ఈ పిల్లాడు ఏదో సేవ చేసి ఉంటాడని ఎవరైనా పొరబడితే వాళ్లకు కూడా క్షమాపణ. లాయరమ్మను వెతికింది నేను కాదు. కోర్టుకు పోయింది నేను కాదు. సంచి మోయలేదు, ఫోన్లు చేయలేదు, జంతికలు మాత్రం తిన్నాను. ఆ పద్నాలుగు నెలల్లో నేను నిజంగా చేసింది ఒకే ఒక్క పని. టీచర్‌కు చెప్పలేదు, అమ్మకూ చెప్పలేదు. అమ్మా, మొదట్లో అందరికీ చెప్పిన క్షమాపణలో నిజమైన భాగం నీది. నీ కేసు సంగతి గల్లీ మొత్తానికి చెప్పింది నేనే.

ఆ ఆదివారం నువ్వు సంచి ఆరేసి లోపలికి పోయాక, నేను చెప్పులేసుకుని గల్లీలో పదకొండు తలుపులు కొట్టాను. ఒక్కో తలుపు దగ్గర అదే మాట చెప్పాను. మా అమ్మ రేపటి నుంచి సోమవారం సోమవారం బజారుకు పోతుంది, స్టేషన్‌లో సంతకం పెట్టాలి, అది మీకు తెలియదు, బజారు బంద్ అన్న సంగతి మీరు మర్చిపోవాలి. ఒకామె కళ్లు తుడుచుకుంది. రిటైర్డ్ కండక్టర్ అంకుల్ సరేనని తలుపు వేసేశాడు, మళ్లీ తీసి, నువ్వు తిన్నావా అని అడిగాడు. ఒకాయన మాట పూర్తి కాకముందే ముఖం మీద తలుపు వేశాడు. ఆయన కూడా పద్నాలుగు నెలలు నోరు విప్పలేదు.

అందరికంటే భయపడింది అవ్వ కొట్టు దగ్గర. అందుకే చివరికి వెళ్లాను. ఆమె చాటలో బియ్యం ఏరుతోంది. నేను చెప్పినంతసేపూ తలెత్తలేదు. చెప్పడం అయిపోయాక కూడా నాలుగు రాళ్లు ఏరి పక్కన పారేసింది.

“సోమవారం బజార్ బందా?” అంది. “నాకెవరు చెప్పలేదే.”